చల్లగాలి

యార్డు గేటు దగ్గర జాగ్రత్తయ్యని చూడగానే వాచ్‌మన్ కుర్చీలోంచి లేచాడు. మేనేజరు వచ్చినా సగమే లేచే మనిషి. "ఎలా ఉన్నావన్నా? మీ బావకెలా ఉంది?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండానే, "ఆ ముసలాయన ఎంత పని చేశాడన్నా!" అని తల కొట్టుకున్నాడు. జాగ్రత్తయ్య "బానే ఉంది" అన్నాడు. పదకొండు రోజులుగా ఎవరేమడిగినా అతని నోట్లోంచి వస్తున్నది ఆ ఒక్క మాటే. మోకాలి కింద కాలు తీసేసిన మనిషికి బానే ఉండటమేమిటని ఒక్కరూ తిరిగి అడగలేదు.

అతని అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా వినపడదు. బండెక్కే ముందు చుట్టూ రెండుసార్లు తిరిగి, ట్రైలరు తగిలించిన కొక్కెం లాగి చూసి, లైట్లు వేసి చూసి, ఎక్కి కూర్చున్నవాడల్లా మళ్ళీ దిగి కొక్కెం లాగి చూస్తాడు కాబట్టి తోటి డ్రైవర్లు ఆ పేరు పెట్టారు. జాగ్రత్తయ్య బయల్దేరేలోపు మనం వెళ్ళి తిరిగొచ్చెయ్యొచ్చని వెక్కిరించేవారు. ఇవాళ షెడ్డులో ముగ్గురు ఎదురయ్యారు. ముగ్గురూ భుజం మీద చెయ్యి వేసి ఊరుకున్నారు. ఎవరైనా వెక్కిరిస్తే బాగుండుననిపించింది అతనికి, అదీ గట్టిగా ఏమీ అనిపించలేదు.

ఆ యార్డులో జనరేటర్లు అద్దెకిస్తారు. ఒక్కో జనరేటరు రెండు చక్రాల ట్రైలరు మీద బిగించి ఉంటుంది. దాన్ని వ్యాను వెనక తగిలించుకుని అడిగినవాళ్ళ చోటికి లాక్కెళ్ళడం, పని అయ్యాక లాక్కురావడం డ్రైవర్ల పని. షెడ్డు చివర గాలి మిషను, దాని పక్కన స్టూలు. స్టూలు ఖాళీగా ఉంది. పైపు చుట్ట చుట్టకుండా నేలమీద పడేసి ఉంది. టైర్లకి గాలి కొట్టే ముసలాయన, గాలి బాబాయి, ఉంటే ఆ పైపుని నేల తగలనిచ్చేవాడు కాదు.

మేనేజరు బల్ల మీద పేపరు పరిచి, దాని మీద టైరు ముక్క పెట్టుకుని కూర్చున్నాడు. ప్రమాదం రోజు ట్రైలరుకి పేలిపోయిన కుడి టైరుది. "కూర్చో, కూర్చో" అని ముక్కని తిప్పి చూపించాడు. పక్క గోడ నల్లగా మాడి, పొరలు విడిపోయి ఉంది. లోపలి వైపు వేలితో రాస్తే రబ్బరు పొడి రాలింది.

"గాలి తక్కువతో చాలా దూరం నడిచిన టైరు ఇలా అవుతుందట. టైర్ల కంపెనీవాళ్ళు రాసిచ్చారు. స్పీడు వల్ల కాదు, రోడ్డు వల్ల కాదు. నీ తప్పేం లేదు. మరి ఇది చూడు."

రిజిస్టరు తెరిచాడు. ఆ తేదీ ఎదుట, ట్రైలరు నంబరు పక్కన, 'చల్లగాలి' అనే గడిలో గాలి బాబాయి గుండ్రటి రాత: 65, 65. కింద సంతకం.

ఆ గడి పేరు మీద యార్డులో నవ్వులకి తక్కువ లేదు. బాబాయి తెల్లవారకముందే వచ్చి, బండ్లు కదలకముందే టైర్లన్నీ చూసి, స్టూలు మీద కాళ్ళు చాపుకుని కూర్చునేవాడు. డ్రైవర్లు వస్తూనే, "ఏం బాబాయ్, చల్లగాలికి కూర్చున్నావా?" అనేవారు. "మీకు లేని సుఖం నాకుందిరా" అనేవాడు ఆయన. ఎండెక్కాక చూస్తే ఏం పోయిందని ఎవరైనా అడిగితే మాత్రం కసిరేవాడు. "నా పని నాకు నేర్పకండి. వాల్వు మీద చెయ్యి పెట్టారంటే వేళ్ళు విరుగుతాయి." ఒకసారి జాగ్రత్తయ్య కూడా అడిగి ఆ తిట్టు తిన్నాడు. ఆ మర్నాడే వెళ్ళి సొంతానికి గాలి కొలిచే గేజి ఒకటి కొనుక్కున్నాడు.

"గాలి కొట్టకుండానే కొట్టినట్టు రాసేశాడు" అన్నాడు మేనేజరు. "ఆ పొద్దున ఆయన నీ ట్రైలరుకి గాలి చూడటం నువ్వు చూశావా?"

"లేదు."

"చూడలేదు. అంతే. అదే రాయించాను. అబద్ధం కాదుగా?"

"కాదు."

"ఎల్లుండి హెడ్డాఫీసు నుంచి ఆఫీసరొస్తారు. ఆవిడ ముందు సంతకం పెడుదువుగాని. రేపు ఊరికే కూర్చోకుండా చిన్న ట్రైలరు తీసుకెళ్ళు, మనసు కాస్త మళ్ళుతుంది. గాలి నువ్వే చూసుకో, ప్రస్తుతానికి ఎవరూ లేరు."

"సరే" అన్నాడు జాగ్రత్తయ్య. ఆ గదిలో ఇంకేమడిగినా సరే అనేవాడే.

సాయంత్రం ఆసుపత్రిలో బావ దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. బావంటే భార్యకి అన్న. ఎనిమిదేళ్ళుగా జాగ్రత్తయ్య పక్క సీట్లో కూర్చుని, చేరిన చోట జనరేటరు వైర్లు కలిపి, దారి పొడుగునా కబుర్లు చెప్పే మనిషి. ఇప్పటికీ నోరు ఆగలేదు. "ఇక నుంచి చెప్పుల జత కొంటే ఒకటి స్టెప్నీ, బావా" అన్నాడు. భార్య "ఛీ, ఊరుకో అన్నయ్యా" అని దుప్పటి సర్దింది. సర్దేటప్పుడు దుప్పటి ఒక పక్క చదునుగా పరుచుకుంది. జాగ్రత్తయ్య అటే చూస్తూ కూర్చున్నాడు. చూస్తే ఏదో అవుతుందని మొదట్లో భయపడేవాడు. ఏమీ కావడం లేదు.

"ఆ ముసలాయన ఇక్కడికి రావాలి" అంది భార్య. "అన్నయ్య ముందు నిలబడి, నేను కొట్టలేదు, రాసి ఊరుకున్నానని ఒప్పుకోవాలి. ఇంతమంది ప్రాణాలు ఆయన చేతుల్లో పెడితే ఇలాగేనా? ఆ చేతులు పడిపోను."

"అలా అనకే" అన్నాడు బావ. మందుల మత్తుకి మాట నెమ్మదిగా వస్తోంది. "నాకొకటి అర్థం కాదు బావా. మనం మూడుచోట్ల ఆగాం కదా ఆ రోజు. ఆగినప్పుడల్లా నువ్వు గేజి పెట్టి చూశావు. వాల్వు మూత నా చేతికే ఇచ్చావు. చూసినప్పుడల్లా ఎక్కువే ఉందన్నావు. సుయ్యిమని తీసేశావు. అసలు కొట్టకపోతే ఎక్కువెక్కడ నుంచి వచ్చింది?"

"ఏమో" అన్నాడు జాగ్రత్తయ్య.

"నువ్వు విసుక్కున్నావు కూడా. ఎంత కొట్టి చచ్చాడో ముసలాడు, తీసినకొద్దీ పెరుగుతోందని." బావ కళ్ళు మూసుకున్నాడు. భార్య వినలేదు. అప్పటికే బయటికెళ్ళి నర్సుతో మాట్లాడుతోంది.

మర్నాడు జాగ్రత్తయ్య వెళ్ళేసరికి ఇంకా వెలుగు సరిగ్గా రాలేదు. గేటు బయట గోడకి ఆనుకుని గాలి బాబాయి నిలబడి ఉన్నాడు. చొక్కా జేబులో పెన్ను, ఎప్పటిలాగే. లోపలికి రావద్దన్నారు కాబట్టి గేటు చువ్వలు పట్టుకుని బయటే ఉన్నాడు.

"నువ్వొస్తున్నావని వాచ్‌మన్ చెప్పాడు. నీతో వాదించడానికి రాలేదురా. ఇవాళ నువ్వే గాలి చూసుకుంటావట కదా. తప్పు చేస్తావేమోనని వచ్చాను" అన్నాడు. "ఆ ట్రైలరు ఇలా గేటు దగ్గరికి తొయ్యి. నాకు కనపడాలి."

జాగ్రత్తయ్య చిన్న ట్రైలరుని రెండు చేతులతో లాక్కొచ్చి నిలిపాడు. పైపు సాగదీసి తెచ్చాడు.

"టైరు పక్కన అచ్చేసి ఉంటుంది, వెతుకు. ఎంతుంది?"

"యాభై."

"నిండు బరువుకి అంతా కావాలి. ట్రైలరుకి తగ్గించకు. బండి టైర్లకి తలుపు దగ్గర స్టిక్కరు చూడు, బరువున్నప్పుడు వెనక చక్రాలకి ఎంతో అక్కడ వేరే రాసుంటుంది. ముందు చెయ్యి పెట్టి చూడు, చల్లగా ఉందా?"

"ఉంది."

"రాత్రంతా కదలకుండా ఉండాలి, ఎండ తగలకూడదు. అప్పుడు చూసిందే లెక్క. పెట్టు గేజి."

నలభై నాలుగు చూపించింది. పైపు బిగించి, కాసేపు పట్టి, తీసి, మళ్ళీ గేజి పెట్టాడు. నలభై తొమ్మిది. ఇంకొంచెం. యాభై. రెండో చక్రానికీ అలాగే. బాబాయి చువ్వల సందులోంచి తల వంచి, చెవితో వింటున్నట్టు కళ్ళు చికిలించాడు.

"ఇక మూతలు పెట్టి మర్చిపో. దారిలో ఆగినప్పుడు చెయ్యి పెట్టి వేడి చూసుకో. ఒకటి మరీ కాలిపోతుంటే ఆపు. అంతే. గేజి పెట్టినా, ఎక్కువ చూపించినా తియ్యకు. పది పాయింట్లు పెరుగుతుంది, పన్నెండూ పెరుగుతుంది. అది గాలి కాదురా, వేడి. వేడి తీస్తున్నాననుకుని గాలి తీసేస్తావు. గాలి తగ్గితే టైరు ఇంకా నలిగి, ఇంకా వేడెక్కుతుంది. మళ్ళీ ఎక్కువ చూపిస్తుంది. మళ్ళీ తీస్తావు. అలా తీసుకుంటూ పోతే చివరికి టైరే ఉండదు."

జాగ్రత్తయ్య వంగి మూత తిప్పుతున్నాడు. మూత బిగిసిపోయాక కూడా తిప్పుతూనే ఉన్నాడు.

"అందుకే చల్లగాలి అని రాసేది" అన్నాడు బాబాయి. "మీరంతా నవ్వేవారు."

"ఎప్పుడూ చెప్పలేదేం?"

"చెప్తే మీరే కొట్టుకుంటారు, ఇక నేనెందుకు అనుకున్నాను. బుద్ధి లేక." ఆయన చువ్వ వదిలి చేతులు చూసుకున్నాడు. "రోజుకి నలభై టైర్లు చూస్తాను. నీ రెండూ చూసినట్టే గుర్తు. కానీ గట్టిగా అడిగితే ఏం చెప్పను? ఎన్నో ఏళ్ళ పొద్దులు, అన్నీ ఒకేలా ఉంటాయి. ముందు రోజు కొట్టింది గుర్తొస్తోందో, ఆ రోజుదే గుర్తొస్తోందో తెలియడం లేదు. ఈ మధ్య ఇంటికి తాళం వేశానో లేదో అని వీధి చివరి నుంచి వెనక్కెళ్ళి చూసుకుంటున్నాను. వేసే ఉంటుంది. మళ్ళీ వెళ్ళి చూస్తాను. మా ఆవిడ నవ్వుతోంది. అయ్యుండొచ్చురా, మర్చిపోయే ఉంటాను. మీ బావకి నా మొహం ఎలా చూపించను?"

ఇప్పుడు చెప్పాలి అనుకున్నాడు జాగ్రత్తయ్య. "బండి టైమవుతోంది బాబాయ్" అన్నాడు.

మొదటి టీ కొట్టు దగ్గర ఆపాడు. ఆ రోజు ఆగిన కొట్టే. గేజి తీసి, మూత తన అరచేతిలోనే పట్టుకుని, ట్రైలరు కుడి టైరుకి పెట్టాడు. యాభై ఎనిమిది. పొద్దున తన చేత్తో యాభై కొట్టాడు, తన కళ్ళతో చూశాడు. ఎవరూ వచ్చి ఎక్కించలేదు. వేలు వాల్వు మీదికి దానంతటదే వెళ్ళింది. వెనక్కి తీసుకున్నాడు.

ఆ రోజు ఇక్కడ డెబ్బై ఆరు చూపించింది. అరవై అయిదుకి దించాడు. రెండో చోట డెబ్బై రెండు, దించాడు. మూడో చోట డెబ్బై ఒకటి. అక్కడే విసుక్కున్నాడు, ముసలాణ్ణి తిట్టాడు, తిడుతూ దించాడు. మూడుసార్లూ బావ పక్కన నిలబడి మూత పట్టుకున్నాడు, మూడోసారి ఏదో జోకు కూడా వేశాడు. ఆ తర్వాత అరగంటకి వెనక నుంచి చప్పుడు వచ్చింది, ట్రైలరు ఊగింది, వ్యాను బావ కూర్చున్న వైపుకి పడిపోయింది.

కొట్టతను "టీ ఇవ్వనా అన్నా?" అని రెండుసార్లు అడిగాడు. జాగ్రత్తయ్య గ్లాసు తీసుకుని తాగాడు. వేడిగా ఉందో లేదో తెలియలేదు. జనరేటరు ట్రైలరుని అడిగినచోట విప్పి, సంతకం తీసుకుని, ఖాళీ వ్యానుతో తిరిగొచ్చాడు. ఏడుపు రావాలి కదా అని దారిలో రెండు మూడుసార్లు అనుకున్నాడు. రాలేదు. తను కాక ఇంకెవరైనా ఈ పని చేసుంటే వాడి మీద కోపమైనా వచ్చేది.

విచారణ రోజు పొద్దున భార్య ఆసుపత్రికి క్యారేజీ సర్దుతోంది. గిన్నె మీద గిన్నె పెట్టి అదిమి, పిడి బిగిస్తోంది. గుమ్మంలో నిలబడి చెప్పేశాడు, బండి లాగ్‌బుక్కు చదివినట్టు: ఎక్కడ ఆగింది, గేజి ఎంత చూపించింది, ఎంతకి దించింది. "గాలి బాబాయి సరిగ్గానే కొట్టాడు. నేను తీసేశాను. మీ అన్నయ్య కాలు పోయింది నా వల్ల."

ఆమె పిడి బిగించడం ఆపలేదు. అది పట్టలేదు. విప్పి, గిన్నెలు సరిచేసి, మళ్ళీ బిగించింది.

"ఆయన చేతులు పడిపోవాలన్నాను నేను."

"అన్నావు."

"నువ్వు పక్కనే కూర్చుని విన్నావు."

"అప్పటికి నాకూ తెలీదు."

ఆమె కుళాయి తిప్పి చేతులు కడుక్కుంది, శుభ్రంగా ఉన్న చేతులే మళ్ళీ కడుక్కుంది. "ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు." గోడ వైపు తిరిగి అంది. "నీ ఉద్యోగం కూడా పోతే ఇద్దరు మగాళ్ళు ఇంట్లో కూర్చుంటారు. ఆయన పెద్దాయన. ఇవాళ కాకపోతే రేపు మానేసేవాడే." అని క్యారేజీ తీసుకుని వెళ్ళిపోయింది. చెప్పులు వేసుకునేటప్పుడు ఒక కాలిది ఇంకో కాలికి వేసుకుని, విప్పి, మళ్ళీ వేసుకుంది.

ఆఫీసరు నడివయసు మనిషి. మర్యాదగా మాట్లాడింది. మేనేజరు కాగితం ఆమె ముందు పెట్టాడు. గాలి బాబాయి గోడవారన బెంచీ మీద, స్కూల్లో తిట్లు తిన్నవాడిలా ముడుచుకుని కూర్చున్నాడు. ఆయన్ని అప్పటికే అడిగేశారు. గుర్తు లేదని చెప్పాడట. మర్చిపోయి ఉండొచ్చని కూడా తనే అన్నాడట. ఆ మాట కాగితం మీద ఎక్కింది.

"ఆ రోజు టైర్లలో గాలి చూడటం మీరు చూడలేదు. అంతేగా?" అంది ఆఫీసరు.

"చూడలేదండీ" అన్నాడు జాగ్రత్తయ్య. మేనేజరు పెన్ను అందించాడు. జాగ్రత్తయ్య పెన్ను తీసుకుని, బల్ల మీద పెట్టేశాడు. "కానీ ఆయన కొట్టారండీ. తీసింది నేను."

మేనేజరు "ఏంటయ్యా నువ్వనేది?" అన్నాడు.

"వేడెక్కాక చూశాను. ఎక్కువ చూపిస్తే ఆయనే ఎక్కువ కొట్టాడనుకున్నాను. మూడుచోట్ల తీశాను."

"మొన్న ఇలా చెప్పలేదే!"

"మొన్న తెలీదండీ."

ఆఫీసరు రాయకుండా అతని వైపు చూసింది. "ఇది రాసుకుంటే బాధ్యత మీ మీదికొస్తుంది. ఆలోచించుకునే చెప్తున్నారా?"

"రాయండి."

బెంచీ చప్పుడైంది. గాలి బాబాయి లేచి నిలబడ్డాడు. వచ్చి చెంప మీద కొడతాడని జాగ్రత్తయ్య అనుకున్నాడు. కొడితే బాగుండునని మొహం అటే తిప్పి ఉంచాడు.

"మొదటిచోట ఎంత చూపించింది?" అన్నాడు బాబాయి.

"డెబ్బై ఆరు."

"రెండిటికీనా?"

"కుడిది డెబ్బై ఆరు. ఎడమది డెబ్బై అయిదు."

"ఎండ ఎటుంది?"

"కుడివైపు."

"యార్డు నుంచి తిన్నగా అక్కడే ఆపావా? మధ్యలో ఎక్కడా ముట్టుకోలేదు?"

"లేదు."

ముసలాయన పెదాలు కదుపుతూ వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. తర్వాత ఆఫీసరు వైపు తిరిగి, "అయితే అరవై అయిదు కొట్టానమ్మా" అన్నాడు. ఆవిడ తల ఊపింది. మేనేజరు వైపు తిరిగాడు. "కొట్టానయ్యా నేను. రెండిటికీ కొట్టాను." బెంచీ ఎక్కడుందో వెనక్కి చేత్తో తడుముకుని కూర్చుని, రెండు అరచేతులూ మోకాళ్ళ మీద వెల్లకిలా పెట్టుకుని, వాటినే చూస్తూ ఏడ్చాడు. జాగ్రత్తయ్యని ఒక్క మాట అనలేదు. అతను ఆ గదిలో ఉన్నాడన్న సంగతే ఆయనకి గుర్తున్నట్టు లేదు.

జాగ్రత్తయ్య వ్యాను తాళాలు బల్ల మీద పెట్టి, చెప్పిన చోటల్లా సంతకాలు పెట్టి, నడిచి ఆసుపత్రికి వెళ్ళాడు. భార్య వార్డు బయట బల్ల మీద కూర్చుని ఉంది. అతని మొహం చూడగానే చెప్పేశాడని ఆమెకి అర్థమైంది.

"ఆయనేమన్నాడు?" అంది.

"ఏమనలేదు. కొట్టాను, కొట్టాను అని ఏడ్చాడు."

"నిన్ను తిట్టలేదా?"

"లేదు."

"తిట్టాల్సింది" అంది. ఆ తిట్లేవో తను కూడా వెతుక్కుంటున్నట్టు కొంగు అంచు వేళ్ళకి చుట్టుకుని విప్పింది. "అన్నయ్యకి నువ్వే చెప్పు. నేను లోపలికి రాను. నువ్వు చెప్తుంటే అన్నయ్య మొహం నేను చూడలేను."

బావ మెలకువగానే ఉన్నాడు. చెల్లెలు తెచ్చిన అన్నం సగం తిని, పళ్ళెం పక్కకి నెట్టి, ఎదురుచూస్తున్నాడు. "రా బావా, రా. ఏమైంది? ముసలాయన్ని పీకేశారా?"

జాగ్రత్తయ్య స్టూలు లాక్కుని మంచానికి దగ్గరగా, బావకి తన మొహం తిన్నగా కనిపించేలా కూర్చున్నాడు.

"లేదు. నన్ను పీకేస్తారు."

బావ ఒక్క క్షణం చూసి ఫక్కున నవ్వాడు. ఎప్పుడూ ఒక్క జోకైనా వెయ్యని మనిషి, పన్నెండేళ్ళ బంధుత్వంలో మొదటిసారి వేశాడు కదా మరి. "నిన్నా! జాగ్రత్తయ్యనా!" అని మంచం ఊగేలా నవ్వాడు. కుట్ల దగ్గర నొప్పెట్టి, అక్కడ చేత్తో పట్టుకుని మరీ నవ్వాడు. పక్క మంచంవాళ్ళు కూడా ఇటు తిరిగి, ఎందుకో తెలియకుండానే నవ్వారు.

జాగ్రత్తయ్య ఆ నవ్వు పూర్తయ్యేదాకా ఆగాడు.